తీర్పు వచ్చాక ఆ చొక్కా ఏమవుతుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. కేసులో పోలీసులు పట్టుకెళ్లిన వస్తువులు ఎవరి దగ్గర ఉంటాయి, అప్పీలు తేలేదాకా ఉంటాయా అని. అందుకని ఈసారి పొలం గట్ల తగాదాలు పక్కన పెట్టాను. ఆ ఉత్తరాలు రాసినవాళ్లు కోప్పడకండి, వచ్చే నెల మీ వంతే.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మా తమ్ముడికి హత్య కేసులో సెషన్స్ కోర్టు యావజ్జీవం వేసింది. వాడి చొక్కా మీద రక్తం ఉందని పోలీసులు రాశారు. ల్యాబ్ రిపోర్టులో మనిషి రక్తమని ఉంది గానీ ఎవరిదో లేదు. వాడు కొబ్బరి ఒలుపు పనికి వెళ్తాడు. ఆ రోజు పనిలో చెయ్యి కోసుకుందని, అది తన రక్తమేనని మొదట్నుంచీ చెప్తున్నాడు. అప్పీలు వెయ్యడానికి హైకోర్టు లాయరుని మాట్లాడుకున్నాం. ఇప్పుడైనా ఆ చొక్కాకి డీఎన్‌ఏ పరీక్ష చేయించమని అడగొచ్చా? కోర్టు గుమస్తా గారేమో "అప్పీలు టైం అయిపోతే తగలబెట్టేస్తారమ్మా" అంటున్నారు. — ఒక అక్క, అమలాపురం దగ్గర

గుమస్తా గారు ఉన్నమాటే చెప్పారమ్మా. ముందు తీర్పు కాపీ తీసి చివరి పేజీ చూడండి. శిక్ష సంగతి రాసేశాక అడుగున ఒక చిన్న పేరా ఉంటుంది. కోర్టులో ఒక్కో వస్తువుకి ఎం.ఓ.1, ఎం.ఓ.2 అని నంబరు వేస్తారు. "ఎం.ఓ.లు 1 నుంచి 7 వరకు అప్పీలు గడువు తీరాక ధ్వంసం చేయవలెను" అన్నట్టు ఆ పేరాలో ఉంటుంది. నేను ఏపీపీగా, అంటే ప్రభుత్వం తరఫున కేసు నడిపే ప్రాసిక్యూటరుగా, ఉన్నన్నాళ్లూ ఈ వాక్యం చదువుతుంటే లేచి "అయ్యా, ఒక్క మనవి" అన్న లాయరుని చూసిన గుర్తు లేదు. అటు ప్రాసిక్యూషన్ వాళ్లు లేవరు, ఇటు డిఫెన్సు వాళ్లూ లేవరు. అందరి చెవులూ శిక్ష ఎన్నేళ్లు అన్న దగ్గరే ఆగిపోతాయి.

చట్టం మాత్రం కొంత రక్షణ పెట్టింది. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత కోడ్ సీఆర్‌పీసీలో 452వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 498. వస్తువులను ఏం చెయ్యాలో కోర్టు చెప్పినా, ఆ ఉత్తర్వును రెండు నెలల దాకా అమలు చెయ్యకూడదు. అప్పీలు పడితే అది తేలేదాకా ముట్టుకోకూడదు. పశువులకు, త్వరగా కుళ్లిపోయే సరుకులకు, బాండు రాయించుకుని ఇచ్చేసిన వస్తువులకు మాత్రమే మినహాయింపు. చొక్కా వీటిలో దేని కిందికీ రాదు.

మరి చిక్కు ఎక్కడంటారా? అప్పీలు పడిందన్న సంగతి ప్రాపర్టీ చూసే గుమస్తాకి తెలియాలి కదా. సెషన్స్ కోర్టు వేసిన శిక్ష మీద హైకోర్టుకు వెళ్లడానికి 60 రోజులు టైం. తీర్పు కాపీకి అర్జీ పెట్టి, కాపీ చేతికి వచ్చేదాకా పట్టిన రోజులు ఇందులోంచి తీసేస్తారు. అంటే రెండు నెలలు దాటాక వేసిన అప్పీలు కూడా గడువులోపు వేసినట్టే లెక్క కావచ్చు. కింద కోర్టు క్యాలెండరులో చూస్తే మాత్రం రెండు నెలలు నిండిపోయాయి. ఆలస్యాన్ని మన్నించమని అర్జీతో వేసే అప్పీళ్లయితే ఇంకా వెనకబడతాయి. పైగా అప్పీలు వేస్తే హైకోర్టుకు మామూలుగా వెళ్లేవి కాగితాలే. వస్తువులు కింద కోర్టు ప్రాపర్టీ గదిలోనే ఉంటాయి. ఆ గదులు మీరు చూసి ఉండరు. కర్రలు, కత్తిపీటలు, తుప్పు పట్టిన సైకిళ్లు, సారా డబ్బాలు, వాటి మధ్య ఖాకీ కాగితంలో చుట్టి పురికొసతో కట్టిన బట్టల పొట్లాలు. పొట్లం మీద లక్క సీలు, మధ్యవర్తుల సంతకాల చీటీ. వానాకాలంలో ముందు ఊడేది ఆ చీటీయే. గది ఖాళీ చేయాలన్న తొందర ఆఫీసుకి ఎప్పుడూ ఉంటుంది.

అప్పీలు ఉండగానే పోగొట్టుకోవడం మన దగ్గర జరగని పనేం కాదు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో బీఫార్మసీ చదివే అమ్మాయిని చంపిన కేసు మీకు గుర్తుండే ఉంటుంది. అత్యాచారం కేసు కాబట్టి ఆ అమ్మాయి పేరు నేను రాయను. 2010లో విజయవాడ కోర్టు ఒక యువకుడికి శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషి అని వదిలేసింది. అప్పటికి అతను జైల్లో ఎనిమిదేళ్లు దాటిపోయాడు. సరే, ఇతను కాకపోతే ఎవరు? మళ్లీ దర్యాప్తు మొదలుపెట్టి, పాత వస్తువులను కొత్త పద్ధతుల్లో పరీక్ష చేయిద్దామని చూస్తే కింద కోర్టులో అవి లేవు. అప్పీలు హైకోర్టులో నడుస్తుండగానే ధ్వంసం చేసేశారని బయటపడింది. 2018 నవంబరులో హైకోర్టు కేసును సీబీఐకి ఇచ్చింది, వస్తువులు ఎలా పోయాయన్నదీ తేల్చమంది. 2019 డిసెంబరులో తెనాలిలో ఆ అమ్మాయి సమాధి తవ్వి మళ్లీ పోస్టుమార్టం చెయ్యాల్సి వచ్చింది. ప్రాపర్టీ గదిలో ఉండాల్సినవి ఉండి ఉంటే ఆ తల్లికి ఆ రోజు తప్పేదేమో. నిర్దోషిగా బయటికొచ్చిన వాడికీ నష్టమే. అసలు మనిషి దొరికితేనే కదా ఊళ్లో గుసగుసలు ఆగేది.

అందుకని మీరు చెయ్యాల్సింది ఇది. అప్పీలు నంబరు పడేదాకా ఆగకండి. శిక్ష వేసిన కోర్టులోనే ఈ వారంలో మీ లాయరు చేత ఒక మెమో వేయించండి. తీర్పు మీద అప్పీలు వేస్తున్నామని, ఎం.ఓ. ఫలానా నంబరు చొక్కాని, దాంతో పాటు ల్యాబ్ నుంచి తిరిగి వచ్చిన శాంపిళ్లని అప్పీలు తేలేదాకా భద్రపరచమని రాస్తే చాలు. ఒక కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి. నంబరు పడ్డాక అదే కోర్టుకి ఇంకో మెమో, ఈసారి అప్పీలు నంబరుతో. హైకోర్టులోనూ అప్పీలుతో పాటే వస్తువులు భద్రపరచాలని మధ్యంతర అర్జీ వెయ్యాలి. ఉత్తర్వు వస్తే అది కింద కోర్టుకు చేరిందో లేదో మీరే వెళ్లి కనుక్కోండి. పోస్టులో ఎక్కడో ఉన్న ఉత్తర్వు పొట్లాన్ని కాపాడదు.

ఇక పరీక్ష సంగతి. శిక్ష పడ్డాక డీఎన్‌ఏ పరీక్ష కోరే హక్కు అంటూ మన చట్టంలో విడిగా సెక్షన్ లేదు. అప్పీలు కోర్టు అవసరమనుకుంటే అదనపు సాక్ష్యం తీసుకోవచ్చని బీఎన్‌ఎస్‌ఎస్ 432 చెప్తుంది, పాత కోడ్‌లో అది 391. జడ్జీలు దీన్ని ఆచితూచి వాడతారు. చెక్కు మీద సంతకం నాది కాదు, నిపుణుడికి పంపండి అని ఒకాయన అప్పీలులో అడిగితే, ట్రయల్లో అవకాశం ఉన్నప్పుడు ఏం చేశావని 2024లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. మీకూ ఆ ప్రశ్న ఎదురవుతుంది. మీ తమ్ముడు చెయ్యి కోసుకుందని మొదట్నుంచీ చెప్తున్నాడన్నారు. అది ఎక్కడ రికార్డయింది? అరెస్టు రోజు డాక్టరు చీటీలో గాయం రాశారా? జడ్జి గారు ఆఖర్న ముద్దాయిని అడిగే ప్రశ్నలకు జవాబులో చెప్పాడా? వీటిలో ఒక్కటి దొరికినా మీ అర్జీకి బలం వస్తుంది.

ఒక కఠినమైన మాట కూడా చెప్పాలి. పరీక్ష చేయిస్తే ఆ రక్తం చనిపోయిన మనిషిదని తేలొచ్చు. అప్పుడు ఇప్పుడున్న సందేహం కూడా పోతుంది. జైల్లో ములాఖత్‌కి వెళ్లినప్పుడు తమ్ముణ్ణి లాయరు గారే ఒంటరిగా అడగాలి, మీరు కాదు. అక్క ముందు మగపిల్లలు నిజం చెప్పరు. చొక్కా భద్రపరచమని అడగడానికి మాత్రం ఆలోచించక్కర్లేదు, దాని వల్ల పోయేదేమీ లేదు.

డబ్బు ఇబ్బంది ఉంటే, జైల్లో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. 15100కి ఫోన్ చెయ్యండి. లాయరు కుదరకపోయినా గడువు దాటిపోతుందనుకుంటే మీ తమ్ముడు జైలు సూపరింటెండెంట్ చేతికే అప్పీలు కాగితం ఇవ్వొచ్చు, అది కోర్టుకి పంపడం ఆయన పని.

ప్రశ్న: మా అమ్మ మెడలో నాలుగు కాసుల గొలుసు తెంపుకుపోయారు. దొంగ దొరికాడు, గొలుసు కోర్టు ద్వారా మాకు ఇచ్చారు. మేజిస్ట్రేటు గారు వాడికి శిక్ష వేశారు. వాడు జిల్లా కోర్టులో అప్పీలు వేశాడట. మాఘంలో మా అమ్మాయి పెళ్లి. గొలుసు కరిగించి కొత్త మోడల్ చేయిద్దామనుకుంటున్నాం. ఏమైనా ఇబ్బందా? — భీమవరం

ఇబ్బందే. గొలుసు ఇచ్చేటప్పుడు మీ చేత ఒక బాండు మీద సంతకం పెట్టించుకుని ఉంటారు. కోర్టు ఎప్పుడు అడిగితే అప్పుడు తెస్తాను, రూపు మార్చను, అమ్మను అని అందులో ఉంటుంది. అప్పీలు నడుస్తున్నంత కాలం అది నడుస్తుంది.

అయితే దారి లేకపోలేదు. ఇలాంటి వస్తువులు స్టేషన్లలో, కోర్టుల్లో ఏళ్ల తరబడి పడి ఉండక్కర్లేదని, ఫొటోలు తీసి, పంచనామా రాసి, బాండు తీసుకుని సొంతదారుకి ఇచ్చెయ్యమని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. ఫొటోలు, తూకం రికార్డులో ఉన్నాయా అని చూసుకుని, అప్పీలు నడుస్తున్న జిల్లా కోర్టులో షరతు సడలించమని అర్జీ వేయండి. పెళ్లి శుభలేఖ జత చెయ్యండి. జడ్జీలకూ కూతుళ్లున్నారు. ఉత్తర్వు చేతికొచ్చాకే కంసాలి దగ్గరికి వెళ్లండి, నోటి మాట మీద వద్దు.

ప్రశ్న: అమ్మా, నేను కొత్తగా ఏపీపీగా చేరాను. ఒక కొట్లాట కేసులో సీన్ పంచనామాలో పక్క కిరాణా కొట్టు సీసీ కెమెరా డీవీఆర్ (రికార్డింగు దాచే పెట్టె) స్వాధీనం చేసుకున్నట్టు ఉంది. ఛార్జిషీటులో దాని ఊసే లేదు. ఎస్సై గారిని అడిగితే "అందులో ఏమీ పడలేదండీ, అందుకే పెట్టలేదు" అన్నారు. డిఫెన్సు వాళ్లు అడగలేదు కూడా. నేనే చెప్పాలా? చెప్తే మా కేసు నేనే పాడు చేసుకున్నట్టు కాదా? — పేరు వద్దన్నారు, తెలంగాణ

చెప్పాలి బాబూ. అడగనిదే చెప్పక్కర్లేదనే అలవాటు మా రోజుల్లో బాగా ఉండేది. ఇప్పుడు దానికి ఆసరా లేదు. ప్రాసిక్యూటరు కోర్టు మనిషి, గెలవడం అతని ఉద్యోగం కాదని, తాను ఆధారపడని కాగితాల విషయంలో కూడా వెల్లడించే బాధ్యత ఉందని 2010లో మను శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2021 ఏప్రిల్‌లో క్రిమినల్ ట్రయళ్ల లోపాల మీద తనంతట తాను చేపట్టిన కేసులో ఇంకా స్పష్టంగా తేల్చింది: దర్యాప్తులో స్వాధీనం చేసుకుని, ప్రాసిక్యూషన్ వాడుకోని వాంగ్మూలాలు, డాక్యుమెంట్లు, వస్తువుల జాబితా కూడా ముద్దాయికి ఇవ్వాలి. 2022లో మనోజ్ కేసులో మళ్లీ అదే గట్టిగా చెప్పింది. మీ డీవీఆర్ సరిగ్గా ఆ జాబితాలోకే వస్తుంది.

"ఏమీ పడలేదు" అన్న మాట ఉంది చూశారూ, దాని దగ్గర ఒక్క క్షణం ఆగండి. కొట్లాట జరిగిందన్న టైముకి కెమెరాలో ఏమీ పడకపోవడమే డిఫెన్సుకి పెద్ద సాక్ష్యం కావచ్చు. పడిందో లేదో తేల్చేది ఎస్సై గారు కాదు, మీరూ కాదు.

ఇప్పుడు పని సంగతి చెప్తాను. ఆ డీవీఆర్ ఇవాళ ఎక్కడుందో ముందు రాతపూర్వకంగా అడగండి. మాల్‌ఖానాలో, అదే స్టేషన్లో వస్తువులు దాచే గదిలో, బీరువా మీద పడి ఉంటే అది మెల్లగా చచ్చిపోతుంది. హార్డ్ డిస్కుకి చెమ్మ, దుమ్ము రెండూ పడవు. ల్యాబ్‌కి పంపి కాపీ తీయించి, హ్యాష్ విలువ (ఫైలు మారితే తానూ మారిపోయే, వేలిముద్ర లాంటి నంబరు) రాయించమనండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌లో ఇప్పుడు హ్యాష్ కూడా నింపాలి. ఒక భాగం ఇచ్చేవాళ్లు, ఇంకో భాగం నిపుణుడు సంతకం పెట్టాలి. డీవీఆర్‌లో గడియారం ఎంత తేడాగా నడుస్తోందో స్వాధీనం చేసుకున్న రోజే పంచనామాలో రాసి ఉండాలి. రాయకపోతే ఆ కొట్టు యజమానిని ఇప్పుడైనా విచారించమనండి. కొట్టు కెమెరాల్లో గడియారం సరిగ్గా ఉన్న రోజు నేను చూడలేదు. పది నిమిషాల తేడాతో ఒక మనిషి ఘటనా స్థలంలో ఉన్నవాడూ అవుతాడు, లేనివాడూ అవుతాడు.

మన దేశంలో ప్రాసిక్యూటరు గదిలో ఫైళ్లు తప్ప కత్తులు, చొక్కాలు ఉండవు. స్టేషన్, ల్యాబ్, కోర్టు, ఈ మూడు చోట్లే తిరుగుతుంటాయి. అందుకే "భద్రపరచడం మా పని కాదు" అని మనవాళ్లు సులువుగా అనేస్తారు. నా లెక్కలో అది తప్పించుకోవడమే. ప్రతి వాయిదాకీ కోర్టులో ఉండేది ఏపీపీయే. ఎం.ఓ. పొట్లం విప్పేటప్పుడు పక్కన నిలబడేది ఏపీపీయే. ధ్వంసం చెయ్యమన్న పేరా చదివేటప్పుడు ఉండేదీ ఏపీపీయే. ఆ పూట ఒక మెమో రాయడానికి పావుగంట చాలు.

2025 జూలై 15న సుప్రీంకోర్టు కట్టవెళ్లై కేసులో ఇచ్చిన తీర్పు తప్పక చదవండి. తమిళనాడు తేని జిల్లాలో 2011లో జరిగిన జంట హత్యల కేసు. ఉరిశిక్ష పడిన మనిషి విడుదలయ్యాడు. డీఎన్‌ఏ శాంపిళ్లు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి ఎప్పుడు వెళ్లాయో ప్రాసిక్యూషన్ చెప్పలేకపోయింది. అక్కణ్ణుంచి దేశమంతటికీ నియమాలు పెట్టారు. శాంపిల్ తీసిన 48 గంటల్లో ల్యాబ్‌కి చేరాలి. ఆలస్యమైతే కారణం రాయాలి. ట్రయల్ గానీ అప్పీలు గానీ పెండింగులో ఉండగా కోర్టు అనుమతి లేకుండా ప్యాకెట్ విప్పకూడదు, మళ్లీ సీలు వెయ్యకూడదు. చేతులు మారిన ప్రతిసారీ రాసే రిజిస్టరు ఒకటి ఉండాలి, అది కోర్టు రికార్డులో భాగం కావాలి. మీ స్టేషన్లలో ఆ రిజిస్టరు తెరిచారో లేదో ఒకసారి అడిగి చూడండి. మొహాలు చూస్తేనే జవాబు తెలుస్తుంది.

ఇక కేసు పాడైపోతుందన్న భయం. డీవీఆర్ సంగతి దాచి శిక్ష వేయించారనుకోండి. అప్పీలులో పంచనామా చదివే లాయరు ఒక్కడు చాలు, మొదటి పేజీలోనే పట్టుకుంటాడు. చేతిలో ఉన్న సాక్ష్యాన్ని చూపకపోతే అది తనకు వ్యతిరేకంగా ఉండేదని కోర్టు అనుకోవచ్చని చట్టమే ఉదాహరణగా రాసింది. అప్పుడు ఇప్పుడున్న మంచి సాక్షులు కూడా కొట్టుకుపోతారు.

ప్రశ్న: మా అబ్బాయి అరిజోనాలో ఉంటాడు. అక్కడ పోలీసుల అశ్రద్ధ వల్ల సాక్ష్యం పాడైపోయినా శిక్ష నిలబడుతుందని, సుప్రీంకోర్టే అలా చెప్పిందని అన్నాడు. అంత పెద్ద దేశంలో అలా ఎలా? మనకూ అంతేనా? — రిటైర్డ్ ఉపాధ్యాయులు, కూకట్‌పల్లి

మీ అబ్బాయి చెప్పిన కేసు అరిజోనాదే మాస్టారూ. 1983లో టూసాన్ ఊళ్లో పదేళ్ల పిల్లవాణ్ణి ఎత్తుకెళ్లి లైంగిక దాడి చేశారు. లారీ యంగ్‌బ్లడ్ అనే అతన్ని ఆ పిల్లవాడు ఫొటోల్లో గుర్తుపట్టాడు. ఆస్పత్రిలో తీసిన శాంపిళ్లను పోలీసులు ఫ్రిజ్‌లో పెట్టారు. పిల్లవాడి బట్టలను మాత్రం పెట్టలేదు. తర్వాత పరీక్షకు పంపితే ఆ మరకలు పనికిరాకుండా పోయాయి. సరిగ్గా భద్రపరిచి ఉంటే నేను నిర్దోషినని తేలేది కదా అని అతను అప్పీలు చేశాడు. 1988లో అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పోలీసులు దురుద్దేశంతో పాడుచేశారని ముద్దాయి చూపిస్తే తప్ప, ఉత్త అశ్రద్ధ చాలదంది.

2000 సంవత్సరంలో, మిగిలిన శాంపిల్‌ని కొత్త పద్ధతిలో పరీక్షిస్తే అది అతనిది కాదని తేలింది. తర్వాత అసలు మనిషీ దొరికాడు. యంగ్‌బ్లడ్ నిర్దోషి అని లోకమంతటికీ తెలిసింది, అతని పేరు మీద పడిన రూలు మాత్రం అలాగే ఉంది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దురుద్దేశం పోలీసుల మనసులో ఉంటుంది, జైల్లో ఉన్నవాడు దాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చి చూపిస్తాడు?

అక్కడ మంచి కూడా ఉంది, అదీ చెప్పాలి. ముద్దాయికి పనికొచ్చే సాక్ష్యాన్ని ప్రాసిక్యూషన్ దాచకూడదని బ్రేడీ కేసులో 1963లోనే తేల్చారు. మన వాళ్లు ఆ దారికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. శిక్ష పడినవాడు జైల్లో ఉన్నంతకాలం జీవసంబంధమైన సాక్ష్యాన్ని భద్రపరచాలని ఫెడరల్ కేసులకు 2004లో చట్టమే చేశారు. మనకు అలాంటి చట్టం లేదు, ఉండాలి.

మన దగ్గర దురుద్దేశం రుజువు చెయ్యమనే గీత అంత గట్టిగా లేదు. అలాగని దర్యాప్తు బాగా లేదు కాబట్టి వదిలేయండి అంటే కోర్టు వినదు. మిగతా సాక్ష్యం నిలబడుతుందా అని చూస్తుంది. పోయిన వస్తువు కేసుకి ఎంత కీలకమో చూపించగలిగితే సందేహం లాభం దొరుకుతుంది.

ప్రశ్న: మా లారీ డ్రైవరు గంజాయి కేసులో ఇరుక్కున్నాడు. ట్రయల్ మొదలవకముందే పోలీసులు సరుకంతా కాల్చేశారని పేపర్లో వచ్చింది. సరుకే లేకపోతే కేసెక్కడిది అని ఊళ్లో అంటున్నారు. — నర్సీపట్నం

ఊళ్లో మాట నమ్మి టెన్షన్ లేకుండా కూర్చోకండి. మత్తుమందుల కేసులకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టం 52ఎ సెక్షన్ ప్రకారం ముందే కాల్చెయ్యొచ్చు. మేజిస్ట్రేటు ముందు జాబితా, ఫొటోలు, శాంపిళ్లు తీసి ఆయన ధ్రువీకరిస్తే అవే అసలు సాక్ష్యంగా నిలుస్తాయి. నిజానికి అదే మంచిది. దాచిపెడితే ఏమవుతుందో మథుర పోలీసులు 2022లో చూపించారు. 581 కిలోల గంజాయి ఎలుకలు తినేశాయని కోర్టుకు చెప్పుకున్నారు!

మీరు చూడాల్సింది శాంపిళ్లు మేజిస్ట్రేటు ముందు తీశారా, రోడ్డు మీదే తీసి తర్వాత కాగితం చేశారా అన్నది. ఆ ధ్రువపత్రం కాపీ అడగండి. లోపం ఉంటే ఉపయోగమే, కానీ ఆ ఒక్క లోపంతోనే కేసు దానంతటది పడిపోదని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. మిగతా సాక్షుల మీదా పని చెయ్యాలి.

ప్రశ్న: మా నాన్నగారి మీద పాత లంచం కేసు. శిక్ష మీద వేసిన అప్పీలు ఏళ్ల తర్వాత బెంచి మీదికి వస్తే కింద కోర్టు రికార్డు దొరకడం లేదంటున్నారు. కేసు కొట్టేస్తారా? — కర్నూలు

కొట్టెయ్యొచ్చు, వెంటనే కాదు. ముందు రికార్డును మళ్లీ కూర్చడానికి ప్రయత్నిస్తారు. రెండు వైపుల లాయర్ల దగ్గర, పోలీసుల దగ్గర ఉన్న కాపీలు తెప్పిస్తారు. కుదరకపోతే మళ్లీ ట్రయల్ సాధ్యమా అని చూస్తారు, అదీ కుదరనప్పుడే విడుదల. 2023లో జితేంద్ర కుమార్ రోడే కేసు సరిగ్గా మీలాంటిదే. రైల్వే ఉద్యోగి మీద లంచం కేసు, కింద కోర్టు రికార్డు మాయమైంది. రికార్డు లేకుండా అప్పీలు విన్నట్టు కాదని సుప్రీంకోర్టు శిక్ష రద్దు చేసింది.

మీ దగ్గర సాక్షుల వాంగ్మూలాల కాపీలు ఉంటే వాటిని చూపించాలా వద్దా అని చాలామంది అడుగుతారు. కోర్టు అడిగితే దాచకండి. ముందు అవి నాన్నగారికి పనికొచ్చేవో కావో లాయరు చేత చదివించండి. పాత లాయరు గారు లేకపోతే వాళ్లబ్బాయి ఇంట్లో అటక మీద కట్టలు ఉన్నాయేమో కనుక్కోండి, వాళ్లు ఇల్లు మారకముందే.